మిరుగం దాకా నిలవని కుంట

ముత్తెన్న చేపల కుంటలో మొదటి గడ్డపార దిగింది 1999 ఎండాకాలంలో. ఆ కుంట ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలో అతని భార్య అరుణమ్మకు అంతకు మూడేళ్ల ముందే తెలుసు. మస్కట్ నుంచి వచ్చిన క్యాసెట్‌లో విన్నది.

అరుణమ్మకు చదువు రాదు. ముత్తెన్న రాత కూడా అంతంత మాత్రమే. బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లలో చాలామంది ఆ రోజుల్లో ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి పంపేవాళ్లు. సెలవు మీద వచ్చేవాడెవడో పది క్యాసెట్లు సంచిలో వేసుకొచ్చి ఊరూరా ఇచ్చిపోయేవాడు. విన్నాక దాని మీదనే ఇక్కడి మాటలు ఎక్కించి, తిరిగి పోయేవాడి చేతికిచ్చేవాళ్లు. ఒక్క క్యాసెట్ అట్లా నాలుగైదుసార్లు సముద్రం దాటేది. కొత్త మాటలు పడగానే పాత మాటలు పోయేవి.

కుంట సంగతి ఉన్న క్యాసెట్‌ను మాత్రం అరుణమ్మ తిరిగి పంపలేదు. పోయిందని చెప్పించింది.

"అరుణా, మంచిగున్నవా? పల్లవి మంచిగున్నదా? అన్న, వదినె మంచిగున్నరా?" అని మొదలవుతుంది ఆ క్యాసెట్. వెనకాల ఐసు పగలగొట్టే యంత్రం చప్పుడు. "గా జాలు పట్టిన ముప్పై గుంటలున్నది గద. ఎద్దు దిగబడ్తది, వరేస్తే ఎర్రగైతది. మనం దాన్ని పొలం పొలం అనుకుంట తిడుతున్నం. గది పొలం కాదే. గది కుంట. ఇరవై గుంటలు తవ్వుదం, ఆరడుగుల లోతు. కాలువ ఊట ఎట్లాగు ఉన్నది. వానలు పడంగనే బొచ్చెలు, రవ్వులు ఇడుద్దం. మిరుగం నాటికి కిలకు ఎక్కుతయి. మిరుగం నాడు చేప తిననోడు ఎవడున్నడు మన దిక్కు? గప్పుడు చెరువులన్నీ ఎండి ఉంటయి. మన కుంటల మాత్రం ఉంటయి." ఇక్కడ దగ్గాడు. "గదొక్కటి నిలబడితే ఇగ నేను మల్ల ఈడికి రాను."

ఈ ఆఖరి మాట కోసమే ఆమె క్యాసెట్ దాచుకుంది.

ముత్తెన్న ఊరు బాన్సువాడ నుంచి బిచ్కుంద పోయే తొవ్వలో కొంచెం లోపలికి ఉంటుంది. నిజాంసాగర్ నీళ్లు తెచ్చే పిల్లకాలువ ఆ ఊరి పొలాల్లోనే ఆగిపోతుంది. చివరి భూములు కాబట్టి నీళ్లు వస్తే ఎక్కువ, రాకపోతే అసలే లేవు. కాలువ పక్కన పల్లంలో ఉన్న ముత్తెన్న ముప్పై గుంటలకు మాత్రం ఊట వల్ల ఏడాదంతా తడే. అది గాక ఎకరం చిల్లర మెరక ఉంది. దాంతో ముగ్గురు బతకడం కష్టమని 1992లో మస్కట్ పోయాడు.

అక్కడ అతనికి దొరికింది రేవు పక్కన చేపల బజారులో పని. తెల్లారుజామున పడవలు దించిన చేపలను ఐసులో సర్ది పెట్టెలకెత్తడం. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడు. చేప తిన్నాడు గానీ అమ్మకానికి చేత పట్టలేదు. మొదటి నెల వాసనకు అన్నం సహించలేదు. రెండో ఏడుకు చేప కన్ను నొక్కి ఎప్పుడు పట్టారో చెప్పగలిగాడు. ఆరేళ్లలో ఐసు అతని వేళ్ల కొసల్లో స్పర్శ తీసేసింది. వేడి చాయ గ్లాసును అరచేత్తో పట్టుకునేవాడు, కాలుతున్నట్టు వేళ్లకు తెలిసేది కాదు.

అక్కడ అతను ఉండే గదిలోనే పిట్లం దగ్గరి తండా మనిషి లోక్యా ఉండేవాడు. ముత్తెన్న కుంట గురించి మొదలుపెడితే లోక్యా దుప్పటి ముసుగేసుకునేవాడు. "అన్నా, పగలంత చేపలే, పండుకుంటే చేపలేనా. నీ కుంటల కొన్ని గొర్లన్న ఏసుకోరాదు," అనేవాడు. చివరికి ఇద్దరూ కలిసే తిరిగొచ్చారు, 1998లో.

ఆ ఆరేళ్లూ అరుణమ్మను, బిడ్డను చూసుకున్నది ముత్తెన్న అన్న వెంకట్రాములు. పక్క ఇల్లే. తమ్ముడి మెరక దున్ని, నాటు వేయించి, వడ్లు తెచ్చి గుమ్మి నింపేవాడు. పల్లవికి నాలుగేళ్లప్పుడు టైఫాయిడ్ వస్తే సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తన నడుముకు తువ్వాలతో కట్టుకుని బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయాడు. పదకొండు రోజులు దవాఖాన అరుగు మీదే ఉన్నాడు. ఆ రోజుల్లో అతని సొంత పొలంలో కలుపు తీయలేదు. ఈ సంగతి వెంకట్రాములు ఎన్నడూ ఎత్తలేదు. అరుణమ్మ మరిచిపోలేదు.

కుంట తవ్వుతున్నప్పుడు ఊరు బాగానే నవ్వింది.

"ఏం ముత్తెన్నా, ఇగ వల అల్లే పని గూడ నేర్చుకుంటవా?"

"నేర్చుకుంట కాకా. మొదటి వల నీకే ఏస్త."

"మీ నాయిన నాగలి పట్టిండు. నువ్వు గాలం పట్టు."

"నాగలి పట్టిన చేతికి గాలం బరువా?"

తవ్వకానికి తండా నుంచి మనుషులను తెచ్చింది లోక్యా. కాపలా, మేత అతని పని. వచ్చిన చేపలో మూడో వంతు అతనిది. కట్ట మీద గుడిసె వేసుకున్నాడు. మొదటి ఏడాది చేపలు వేయలేదు, నీళ్లు నిలుస్తాయో లేదో చూశారు. ఉత్తరం కట్ట కింద నుంచి కారింది. మళ్లీ తవ్వి, నల్లమట్టి తొక్కించి, గట్టి చేశారు. కుంట నడుమ ముత్తెన్న ఒక తుమ్మకర్ర పాతాడు. అడుగుకొక మేకు చొప్పున ఆరు మేకులు కొట్టాడు. ఆరో మేకు మునిగితే కుంట నిండినట్టు. ఆ తర్వాత ఇంట్లో నీళ్ల లెక్కంతా మేకుల్లోనే సాగింది.

2000 జులైలో చేప పిల్లలు తెచ్చారు. ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో, ఆర్టీసీ బస్సులో. కండక్టర్ ఆపాడు.

"ఏందివి?"

"చేప పిల్లలు."

"ఎన్ని?"

"రెండు వేలు."

"రెండు వేల మంది ఎక్కినంక నేనేడ నిలబడాలె?" అని లగేజీ టికెట్ కొట్టాడు. సంచులు కదలకుండా దిగేదాకా తన సీటు కూడా వాటికే ఇచ్చాడు.

పిల్లలు బతికాయి. తవుడు, పల్లి చెక్క కలిపి వెదురు బుట్టలో పెట్టి నీళ్లలోకి దించేవాళ్లు. దించే ముందు లోక్యా బుట్టను మూడుసార్లు తట్టేవాడు. రెండు నెలల్లో ఆ చప్పుడుకే చేపలు రావడం మొదలుపెట్టాయి. పల్లవి బడి నుంచి వచ్చి పుస్తకాల సంచితోనే కట్టెక్కేది. తండ్రి వచ్చిన కొత్తలో ఆ పిల్ల అతన్ని మామా అని పిలిచింది. క్యాసెట్‌లో గొంతు నాన్న, ఇంటికొచ్చిన మనిషి వేరు అనుకుంది. కుంట పని మొదలయ్యాక ఆ పిలుపు మారింది. ఎప్పుడు మారిందో ముత్తెన్నకూ గుర్తు లేదు.

అతని ఆలోచనంతా మిరుగం చుట్టూనే. మృగశిర కార్తె మొదటి రోజు, జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. ఆనాడు చేప తింటే ఏడాదంతా ఒంటికి మంచిదని ఆ ప్రాంతంలో నమ్మకం. లేనివాడు కూడా పావు కిలో కొంటాడు. అప్పటికి చెరువులు అడుగంటి ఉంటాయి. ఆ ఒక్క రోజు చేప ఎవరి నీళ్లలో ఉంటే ధర వాళ్లది. బాన్సువాడలో వల వేసేవాళ్లతో ముందే మాట్లాడుకున్నాడు. మిరుగానికి ముందు రోజు తెల్లారి వల వేయాలి. అంతవరకూ నీళ్లు కనీసం మూడు మేకులు ఉండాలి. అంతకు తగ్గితే ఎండకు నీళ్లు కాగి చేపకు గాలి ఆడదు.

2001 మార్చి చివరికి కుంటలో ఐదు మేకుల పైన ఉన్నాయి. చేప పావు కిలో దాటింది. మిరుగానికి డెబ్బై రోజులు.

ఆ యాసంగి పంటకు నిజాంసాగర్ ప్రాజెక్టులో నీళ్లు తక్కువ. ఆరు తడులు ఇస్తామని చెప్పి నాలుగిచ్చి కాలువ ఆపేశారు. పైనున్న ఊళ్లు ఎట్లాగో గట్టెక్కాయి. చివరి పొలాలు వరి పొట్ట మీదికి వచ్చేవేళకు ఎండడం మొదలుపెట్టాయి. వెంకట్రాములు రెండెకరాలు కుంట కట్టను ఆనుకునే ఉన్నాయి. ఇక్కడ నీళ్లు నిండుగా, గట్టు అవతల నేల నెర్రెలు విచ్చి.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పొట్టకొచ్చిన పొలం నిండు చూలాలితో సమానం, దానికి నీళ్లడిగితే లేదనకూడదు. అడగడం కూడా నోటితో కాదు. ఆ ఇంటి ఆడమనిషి పొట్టతో ఉన్న వరి పిలకను తెంపి, దానికి పసుపు రాసి, తెల్లవారేసరికి నీళ్లున్నవాళ్ల ఇంటి కడప మీద పెట్టిపోతుంది. దాన్ని దాటి ఎవరూ బయటికి అడుగు పెట్టరు. తీసి కళ్లకద్దుకుంటే ఇస్తున్నట్టు. తీయకుండా వెనక్కు తిరిగినవాళ్లు ఊళ్లో ఎవరికీ గుర్తు లేరు. బావులు ఉన్న కాలంలో మొదలైన పద్ధతి. బావిలో నీళ్లు ఇస్తే మళ్లీ ఊరుతాయి.

వెంకట్రాములు భార్య పిలక పెట్టలేదు. కుంట అంటే మరిదికి ఏమిటో ఆమెకు తెలుసు. వెంకట్రాములు అయితే కుంట వైపు నుంచి పొలానికి పోవడమే మానేశాడు. చుట్టూ తిరిగి అటు గట్టు మీదుగా పోయేవాడు. నీళ్ల వైపు చూస్తున్నాడని తమ్ముడు అనుకోకూడదని.

ఒక పగటిపూట అరుణమ్మ గడ్డికి పోయి బావను చూసింది. పొలం నడుమ గొంతుక్కూర్చుని ఉన్నాడు. నెర్రెలో చెయ్యి పెట్టి ఎంత లోతు పోతుందో చూస్తున్నాడు. మోచేతి దాకా పోయింది. ఆమెను చూసి లేచాడు.

"గడ్డికొచ్చినవా బిడ్డా?"

"ఆ బావా."

"అటు దిక్కు మంచిగున్నది, గా కాలువ కట్టకు. ఈడ ఎండిపోయింది."

"సూసిన."

"పల్లవి బడికి పోయిందా?"

"పోయింది."

అంతే. ఆమె గడ్డి కోయకుండానే ఇంటికి వచ్చింది.

మర్నాడు తెల్లవారకముందే అరుణమ్మ బావ పొలం గట్టు మీద వంగి ఒక పిలక తెంపింది. తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న కొమ్ములు రోట్లో దంచి పెట్టుకున్న పసుపు తడిపి రాసింది. తమ ఇంటి కడప మీద తానే పెట్టింది. తర్వాత చీపురు అందుకుని వాకిలి ఊడవడం మొదలుపెట్టింది.

ఆమె లెక్క సులువైనది. రెండెకరాలకు ఒక తడి. ఒక మేకు, ఎక్కువైతే ఒకటిన్నర దిగుతుంది. మూడున్నర మిగిలినా చేప బతుకుతుంది. బావ రుణం తీరకపోయినా మొహం చూడగలుగుతారు. మొగుడు తనంతట తాను నీళ్లిస్తానంటే లోక్యా ఊరుకోడు. కడప మీద పిలక ఉంటే ఎవరూ మాట్లాడలేరు. ఈ మాట అతనితో ముందే చెప్పవచ్చు. కానీ మళ్లీ మస్కట్ పోవద్దని అందరికన్నా ఎక్కువ అడిగింది తనే. ఆ నోటితోనే కుంట తెరవమని చెప్పలేకపోయింది.

ముత్తెన్న బయటికొస్తూ ఆగాడు. కడప మీద చూశాడు.

"వదినె వచ్చిందా?"

"నేను సూడలే," అంది అరుణమ్మ ఊడుస్తూనే.

అతను వంగి పిలక తీశాడు. పసుపు వేళ్లకంటింది. వేళ్లు వెలుతురు వైపు పెట్టి కొంతసేపు చూశాడు. తర్వాత పిలక కళ్లకద్దుకుని చూరులో దోపాడు. ఆయిల్ ఇంజన్ కిరాయికి తేవడానికి పోయాడు.

ఇంజన్ దించుతుంటే లోక్యా గుడిసె ముందు నిలబడ్డాడు.

"గిదేంది అన్నా?"

"అన్న పొలానికి ఒక్క తడి."

"ఒక్క తడి." లోక్యా కుంట వైపు, పొలం వైపు చూశాడు. "మా తండల వరి లేదు, పొట్ట లేదు. నాకు మీ కడప ముచ్చట తెల్వది. నాకు తెల్సింది మేకులు. ఎన్ని దిగుతయి?"

"ఒకటి. మల్ల ఊట ఎక్కుతది."

"కాలువ బంద్ అయినంక ఊట ఏడికెల్లి ఎక్కుతదే? మస్కట్ సముద్రం కెల్లా?"

ముత్తెన్న పైపు కాలితో సర్దాడు.

"డెబ్బై దినాలు. గంతే గదా అన్నా. ఆరేండ్లు ఐసు పిసికినం, డెబ్బై దినాలు ఆగలేమా?"

"లోక్యా, పల్లవి జ్వరం ముచ్చట నీకు చెప్పిన గద."

"చెప్పినవ్," అన్నాడు లోక్యా. "రోజూ చెప్పినవ్." పోయి గుడిసెలో కూర్చున్నాడు.

ఇంజన్ ఒక పగలు, ఒక పూట నడిచింది. వెంకట్రాములు వచ్చి పార పట్టుకుని మళ్లకు నీళ్లు మలిపాడు. కట్ట వైపు తలెత్తలేదు. మధ్యలో ఒకసారి మాత్రం అన్నాడు.

"చాలు తమ్మీ. బంద్ చెయ్."

"ఆ మూల తడువలే ఇంకా."

"ఎండనీ గా మూల."

"తడవనీ అన్నా. ఎట్లాగు దించినం."

ఒకటింబావు మేకు దిగింది. అరుణమ్మ లెక్క తప్పలేదు.

మర్నాడు తెల్లారి కడప మీద నాలుగు పిలకలున్నాయి.

ముందు చూసింది అరుణమ్మే. నాలుగు ఇళ్లవాళ్లు వచ్చి పోయారు. ఆ చుట్టున్న చివరి పొలాలు, ఒక్కొక్కటి ఎకరం, ఎకరన్నర. అందరి వరీ పొట్ట మీదే ఉంది. వెంకట్రాములు పొలం తడవడం అందరూ చూశారు. ఇంతకాలం చేపల కుంటకు ఈ కట్టుబాటు వర్తిస్తుందో లేదో తెలియక ఆగారు. వర్తిస్తుందని ముత్తెన్న ఇంటి కడపే చెప్పింది. అన్నకిచ్చి మాకు లేదంటావా అని ఎవరూ అడగలేదు. అడగవలసిన పని లేకపోయింది.

"నాలుగున్నయి," అంది అరుణమ్మ లోపలికి వచ్చి.

ముత్తెన్న మంచం మీద కూర్చున్నాడు. ఆ నాలుగిట్లో ఒకటి తమ గుమ్మి ఖాళీ అయిన ఏడాది వడ్లు పోసిన ఇల్లు. ఇంకొకరిది తల్లి పోయినప్పుడు పాడె మోసిన భుజం. కాలువ చివరి ఊళ్లో ఇచ్చిపుచ్చుకోకుండా ఒక్క ఇల్లూ నిలవదు. అతను లేచి ఒక్కొక్క పిలకా తీశాడు. కళ్లకద్దుకున్నాడు.

ఇంజన్ ఇంకో నాలుగు రోజులు నడిచింది. నాలుగో మేకు బయటపడింది, తర్వాత మూడోది. రెండో మేకు దగ్గరికి వచ్చేసరికి తెల్లారగట్ల చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. లోక్యా కొమ్మతో నీళ్లు కొడుతూ కుంట చుట్టూ తిరిగాడు. ముత్తెన్న తాటి మట్టలు తెచ్చి నీడ వేశాడు. నాలుగో రైతు పొలం సగం తడిసింది. ఇంక సగం ఉండగా ముత్తెన్న ఇంజన్ ఆపాడు. ఆ రైతు పైపు చుట్టడానికి సాయం పట్టి వెళ్లిపోయాడు. ఆ సగం ఎండిపోయింది. ఆపింది కూడా ఆలస్యమే. మేకున్నర నీళ్లు ఏప్రిల్ ఎండకు మధ్యాహ్నానికల్లా చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి.

ఇంజన్ ఆపిన మూడో రోజు చేపలు తెల్లగా తిరగబడసాగాయి.

లోక్యా బాన్సువాడ పోయి వలవాళ్లను తీసుకొచ్చాడు. వాళ్లు కట్ట మీద నిలబడి చూసి తల అడ్డంగా ఊపారు. అన్ని ఊళ్లలో కుంటలు ఎండుతున్నాయి, పావు కిలో చేప బజారులో కుప్పలు పోసి ఉంది, బండి కిరాయి కూడా రాదు అన్నారు. అందులో పెద్దవాడు ముత్తెన్న భుజం మీద చెయ్యి వేసి, "మిరుగం దాకా ఆగితే ఎంత బాగుండు పటేలా," అన్నాడు. మంచికే అన్నాడు.

ఆ మధ్యాహ్నం ముత్తెన్న ఊళ్లో చెప్పించాడు, ఎవరికి కావాల్సినవి వాళ్లు పట్టుకుపొమ్మని. బురదలోకి దిగి చేతులతో, తట్టలతో, చీర కొంగులతో పట్టారు. ఎన్నో నెలల తర్వాత ఊళ్లో సందడిగా ఉంది. లోక్యా తీసుకోలేదు. మేత బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పొద్దుగూకే వేళకు ప్రతి ఇంటి నుంచి చేపల పులుసు వాసన వచ్చింది. రెండిళ్ల నుంచి రాలేదు, అన్నది ఒకటి, తమ్ముడిది ఒకటి. అరుణమ్మ పప్పు వండింది. పల్లవి అన్నం కలుపుకుంటూ, "మనం పట్టలేదా?" అని అడిగింది. పప్పుతోనే తినేసి లేచింది.

వరి నిలబడింది. మే మొదట్లో కోతలయ్యాయి. వెంకట్రాములు గింజ బరువుగా వచ్చింది. ఒక రోజు తమ్ముడి అరుగు మీద రెండు బస్తాల వడ్లు ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు. వచ్చే యాసంగికి నీళ్లు బాగా వస్తాయట, మళ్లీ వేద్దువులే ముత్తెన్నా అని ఊరివాళ్లు మనస్ఫూర్తిగానే అన్నారు. మళ్లీ వేయడానికి చేతిలో ఏమీ లేదని వాళ్లకు తెలియదు. ఆరేళ్ల మస్కట్ అంతా ఆ కుంటలోనే పోశాడు.

మే చివర్లో లోక్యా ముందు బయలుదేరాడు, మస్కట్‌లో పాత బజారుకే. పోయే ముందు వచ్చి చాయ తాగాడు.

"నేను చెప్పలేదా అని అనను అన్నా. చెప్పిన గద, మల్ల ఎందుకు అనుడు."

ముత్తెన్న నవ్వాడు. ఏప్రిల్ తర్వాత అతను నవ్వడం అరుణమ్మ అప్పుడే చూసింది.

"నా మంచం పక్క మంచం నీకు పట్టి పెడుతున్న," అన్నాడు లోక్యా లేస్తూ. "ముసుగు దుప్పటి మాత్రం కొత్తది తీస్కపోతున్న. మల్ల కుంట ముచ్చట మొదలుపెడితే పనికొస్తది."

మిరుగం నాడు ముత్తెన్న పొద్దున్నే బస్సెక్కి బాన్సువాడ పోయాడు. చేపల బజారులో మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఒక తట్ట ముందు నిలబడి బొచ్చె కిలో ఎంత అని అడిగాడు. వాడు చెప్పాడు. ముత్తెన్న ఒక చేప కన్ను వేలితో నొక్కి చూశాడు. అలవాటు కొద్దీ నొక్కాడు గానీ వేలికి ఏమీ తెలియలేదు. ఏమీ కొనకుండా తిరిగి వచ్చాడు.

"ఎంతనట?" అంది అరుణమ్మ.

చెప్పాడు.

"పోయినేటి కన్న ఎక్కువనే?"

"ఎక్కువనే."

సాయంత్రం ఇనుప పెట్టె తెరిచి పాస్‌పోర్ట్ తీశాడు. తేదీ ఎంతవరకు ఉందో చదవమని పల్లవికి ఇచ్చాడు. పదేళ్లు నిండిన ఆ పిల్ల గట్టిగా, తప్పు లేకుండా చదివింది.

ఆగస్టులో వెళ్లాడు. అప్పటికి వానలకు, కాలువ నీళ్లకు కుంట నిండింది. తుమ్మకర్ర మీద ఆరో మేకు మునిగి ఉంది. బాన్సువాడ బస్టాండు దాకా వెంకట్రాములు పెట్టె మోసుకొచ్చాడు. బస్సు కదిలేదాకా అన్నదమ్ములు వానల గురించే మాట్లాడుకున్నారు. ముత్తెన్న ఈసారి అక్కడ ఏడేళ్లు ఉన్నాడు. నడుమ ఒక్కసారి వచ్చి ఇరవై రోజులు ఉండి పోయాడు.

అతను పోయిన మూడో నెలలో అరుణమ్మ పల్లవిని బడికి పంపి, తలుపు దగ్గరగా వేసి, టేప్ రికార్డర్ ముందు కూర్చుంది. అందరూ మంచిగున్నారని, బావకు దగ్గు వస్తోందని, మెరకలో మక్కజొన్న వేశామని చెప్పింది. తర్వాత చాలాసేపు చక్రాలు ఊరికే తిరిగాయి. అప్పుడు చెప్పింది.

"గా పిలక అక్క పెట్టలే. నేనే పెట్టిన. ఒక్క మేకు అనుకున్న. నీకు చెప్పాలె, చెప్పలేకపోయిన. నువ్వు మల్ల పోవుడు నా చేతులతోనే అయింది. గంతే."

జవాబు సంక్రాంతి దాటాక తండాకు సెలవు మీద వచ్చినతని చేతుల మీదుగా వచ్చింది. అదే క్యాసెట్. ఆమె మాటలు చెరిగిపోయాయి, వాటి మీద అతనివి ఉన్నాయి. ముందు ఐసు యంత్రం చప్పుడు. లోక్యా ఏదో అంటున్నాడు, ముత్తెన్న అతన్ని బయటికి పొమ్మన్నాడు. తలుపు వేసిన చప్పుడు.

"అరుణా. మంచిగున్నవా." దగ్గాడు. "నువ్వు చెప్పింది నాకు తెల్సు. గానాడే తెల్సు. వదినె దుకాణం పసుపు తెస్తది, గది పచ్చగ మెరుస్తది. పిలకకున్నది మన ఇంటి పసుపు. నువ్వు దంచింది. వేళ్ల మీద చూసిన గద." మళ్లీ యంత్రం చప్పుడు. "తెల్సే తీసిన. నువ్వు ఫికర్ చెయ్యకు. పల్లవిని బడి మాన్పియ్యకు. ఈ యాసంగి ఎన్ని తడులు ఇస్తరట? అన్నకు చివరి దాకా అందుతయా? గది చెప్పు."

తర్వాత రెండు వైపులా ఏమీ లేదు. జవాబు ఎక్కించమని ఖాళీగా వదిలాడు.

అరుణమ్మ జవాబు వేరే క్యాసెట్ మీద పంపింది. ఇది పోయిందని చెప్పించింది.